సౌదామిని కూర్చుంది

కులమణి జెనాకి లోకంలో ఒకే ఒక్క మాట మీద మహా మోజు. ఆ మాట "సోమరి". పొద్దున్నే వెళ్ళి భాగవత మండపం అరుగు మీద చతికిలబడింది మొదలు, మధ్యాహ్నం పఖాళ చద్దన్నం తినడానికి ఇల్లు చేరేదాకా, ఆ మాటను నలుగురికి అంటగట్టకపోతే అతనికి తిన్నది అరగదు. కాలవ గట్టున కాసేపు కూలబడ్డ కూలివాడు సోమరి. ఎదురుగాలికి తొక్కలేక సైకిలు దిగి నడిపించుకుపోతున్న పోస్టుమాన్ సోమరి. బడి గంట కొట్టగానే ఇంటిదారి పట్టే మేష్టారు సోమరి. ఒకే అరుగు మీద కదలకుండా కూర్చుని ఊరందరి సోమరితనాన్నీ కనిపెడుతూ ఉండటం మాటలా? అందుకే కాబోలు, అతన్ని మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు. అతన్ని పెద్దమనిషి అనేవారు.

ఇంట్లో ఆ మాటకి వాటాదారులు ఇద్దరు. భార్య సౌదామిని, కూతురు ఇతిశ్రీ.

కాపురానికి వచ్చిన కొత్తలో సౌదామిని, సోమరి అంటే పని చెయ్యని మనిషి అనే అనుకునేది. పుట్టింట్లో ఆ మాటకి అంతకు మించి అర్థం లేదు. ఇక్కడికి వచ్చాక తెలిసింది, అర్థం అనేది ఎవర్ని అంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని. కులమణి తిని పడుకుంటే దాని పేరు విశ్రాంతి. దీపాల వేళ దాకా లేవకపోతే ఒంట్లో నలత. పొలం కౌలుకిచ్చేసి గట్టు ముఖం కూడా చూడకపోతే వ్యవహారజ్ఞానం. పేకాట ఊరి పని. అదే సౌదామిని అంట్లు తోమి, ఆవుకి కుడితి పెట్టి, ఎండలో వడ్లు తిరగదోసి వచ్చి, గోడకి కాసేపు వీపు ఆనించిందా, అప్పుడు ఆ మాట ఏ ముసుగూ లేకుండా బయటికొచ్చేది.

"చూడు, ఎలా జారబడిందో. ఇంటికి సోమరి దయ్యం పట్టింది" అనేవాడు, మంచం మీద పడుకునే.

ఆ మాటకి ఎదురు మాట కూడా ఒకటి ఆ ఇంట్లో ఉండేది, అత్తగారు బతికున్నన్నాళ్ళూ. "పనిమంతురాలు." ఆ మాట అనిపించుకోవాలని మొదటి కొన్నేళ్ళు సౌదామిని ఒళ్ళు హూనం చేసుకుంది. జ్వరం ఒళ్ళు కాల్చేస్తున్నా వడ్లు ఉడకబెట్టింది. ఓనాడు అత్తగారు పక్కింటి నేత్రమణితో "మా కోడలు పనిమంతురాలమ్మా" అనగా చెవులారా విని, ఎంత వెర్రిదో, ఆ పూట అన్నం కూడా సహించనంతగా మురిసిపోయింది. మర్నాటి నుంచి పాలు పితికే పని కూడా ఆమెకే వచ్చింది. అప్పటికి గాని బుర్ర వెలగలేదు. ఒక మాట ముల్లుకర్ర, ఇంకో మాట గడ్డిపరక. రెండూ ఎద్దును నడిపించడానికే.

ఇప్పుడా గడ్డిపరక ఇతి ముందుకొచ్చింది.

పట్టాముండై వైపు నుంచి సంబంధం. బియ్యం మిల్లు, ట్రాక్టరు, రెండంతస్తుల ఇల్లు. పిల్లాడి పేరు అభిరామ్. అతని తల్లి హేమాంగిని ఆ చుట్టుపక్కల పేరుమోసిన మనిషి. ఆవిడ అడిగిందల్లా ఒక్కటే: పిల్ల పనిమంతురాలై ఉండాలి. చదువు, అందం, తక్కినవన్నీ తరవాత. కులమణికి ఆ ఇంటి వియ్యం అంటే నోట్లో నీళ్ళూరాయి. మిల్లు వాళ్ళ వియ్యంకుడు అనిపించుకుంటే అరుగు మీద గోడవార చోటు శాశ్వతంగా తనదే అవుతుంది. అంతకు మించి అతను ఆలోచించలేదు. ఆలోచన కూడా పనే కదా మరి.

ఇతికి ఈ పెళ్ళి అక్కర్లేదు. కటక్‌లో నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. రథయాత్ర వెళ్ళాక చేరాలి. ముహూర్తాలు కూడా ఆ ముందు వెనకే ఉన్నాయి, అవి దాటితే నాలుగు నెలలు పెళ్ళిళ్ళ ఊసే ఉండదు. అంటే ఈ సంబంధం రజ పండక్కి కుదిరితే పిల్ల పీటల మీదికి, చెడితే కటక్‌కి. ఇది సౌదామినికి పగలు వంట చేస్తూ, కళ్ళాపి చల్లుతూ, ఆవు పొదుగు కడుగుతూ కూడా తెలుసు. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ ఇంట్లో ఆమె అనే మాటకి విలువ ఎంతో కూడా తెలుసు కనక.

పీకలదాకా ఆశ పెట్టుకున్న ఆ సంబంధానికి అడ్డం వచ్చింది ఎవరయ్యా అంటే, కులమణి నోరే. ఒకనాడు పేకాటలో ఓడిపోతున్నాడు. టీ ఫ్లాస్కు ఇంకా ఇంటి నుంచి రాలేదు. "ఎక్కణ్ణుంచి వస్తుంది, నా ఇంట్లో ఇద్దరు సోమరులు, తల్లీ కూతురూనూ. ఒకదాన్ని మించింది ఇంకోటి" అన్నాడు ముక్క విసురుతూ. ఎదురుగా కూర్చున్న బైధర్ బావమరిది ఊరు పట్టాముండై. మాట పడవెక్కి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే హేమాంగిని దగ్గర్నుంచి కబురు: "పిల్ల సోమరి అని విన్నాం. రజ రెండో నాడు మేమే వస్తాం. పిఠా తిని చూస్తాం."

ఆవిడ తెలివికి మెచ్చుకోవాలి. ఊళ్ళో వాళ్ళు కొందరు నవ్వారు, రజ మూడు రోజులూ ఆడది పుల్ల తీసి అవతల పెట్టదు, అలాంటప్పుడు వచ్చి పనితనం ఏం చూస్తుంది అని. నవ్విన వాళ్ళంతా మగవాళ్ళే. ఆడవాళ్ళు నవ్వలేదు. ఆ మూడు రోజులూ భూదేవి బయట చేరి ఉంటుంది, నాగలి తగలకూడదు, రుబ్బురోలు కదపకూడదు, కూర తరగకూడదు, వట్టి కాలు నేల మీద పెట్టకూడదు. పొయ్యి వెలిగించాల్సి వస్తే మగవాడే వెలిగించాలి. ఆడవాళ్ళు పారాణి పెట్టుకుని, పాన్ నములుతూ ఉయ్యాల ఊగాలి. మరి ఆ మూడు రోజులూ ఇంటిల్లిపాదీ, వచ్చేపోయే చుట్టాలూ తినేది ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు రోజు సజబజ. ఆ రోజు మూడు రోజుల మసాలాలూ నూరి, మూడు రోజుల కట్టెలూ చీల్చి, మినప్పిండి బియ్యప్పిండి రుబ్బి, కొబ్బరీ బెల్లం కలిపి, అరిటాకుల్లో చుట్టి, నిప్పుల మీద సన్నసెగన తెల్లవార్లూ పిఠా కాలుస్తారు. మూడు రోజుల సెలవుకి ముందే ఒళ్ళు వంచి బాకీ తీర్చేస్తారన్నమాట. పిఠా మెత్తగా, లోపలిదాకా ఎర్రగా కాలితే ఆ ఇంట్లో ఆడవాళ్ళ చేతులు ఎలాంటివో చెప్పేయొచ్చు. హేమాంగినికి అది తెలుసు.

"నీ సోమరితనం పిల్లకి అంటించావు. ఇప్పుడు చూడు" అన్నాడు కులమణి, కబురు విన్న సాయంత్రం. "ఈసారి పిఠా ఎలా ఉండాలంటే, ఆవిడ నోరు మూతపడాలి. వింటున్నావా?"

"వింటున్నాను" అంది సౌదామిని.

సజబజ నాడు తెల్లవారింది. నేత్రమణి ఇంట్లో అప్పుడే రుబ్బురోలు తిరుగుతోంది. వీధి వీధంతా వేగిన జీలకర్ర వాసన. సౌదామిని లేచి స్నానం చేసి, ఆవుకి గడ్డి వేసి, వాకిట్లో తాటాకు చాప పరుచుకుని కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఇతి వచ్చి తల్లి పక్కన కాసేపు నిలబడింది. "బౌ, మినప్పప్పు నానబెట్టనా?"

"వద్దు."

"కొబ్బరి కోరనా?"

"వద్దు. ఇలా వచ్చి కూర్చో."

తల్లి ముఖం చూసి ఇతికి ముందు భయమేసింది. "బౌ, వాళ్ళొచ్చాక ఏం పెడతాం?"

"ఏం పెట్టం. నేను చేయలేదమ్మా, నాకు చేతకాలేదు అని నేనే చెబుతాను. నన్ను అనుకుని పోతారు. ఇన్నేళ్ళూ పడ్డ మాటే, ఒక్కసారి పనికొచ్చేలా పడనీ. నీ పేరు మాత్రం మధ్యలోకి రానివ్వను" అంది సౌదామిని. కూతురి జడ విప్పి నూనె రాయడం మొదలుపెట్టింది. పట్టపగలు, ఏ తొందరా లేకుండా కూతురి తల దువ్వి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. ఎండ వాకిట్లోకి వచ్చి, చాప మీదికి పాకి, గోడెక్కి పోయింది. చాపని నీడలోకి జరుపుకోవడం తప్ప ఆ పూటకి ఆమె ఏ పనీ పెట్టుకోలేదు. మొదట్లో చేతులు జిలజిలలాడాయి, ఏదో ఒకటి అందుకోవాలని. తరవాత అవీ దారికొచ్చాయి.

కులమణికి ఏమీ తెలియదు. తెలిసే అవకాశం లేదు. సజబజ నాడు ఇంట్లో ఉంటే కట్టెలు చీల్చమంటారని అతను ఏటా ఆ రోజు పొద్దుపోయేదాకా అరుగు దిగడు.

తెలిసింది పండగ మొదటి రోజు పొద్దున్న. స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, "పిఠా ముక్క పెట్టు, రుచి చూస్తాను" అంటూ వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి చల్లగా ఉంది. మూకుడు బోర్లించి ఉంది. రుబ్బురోలు పొడిగా ఉంది. ఇల్లంతా కలియదిరిగి పెరట్లోకి వచ్చేసరికి, తల్లీ కూతుళ్ళు పారాణి పెట్టుకుని ఉయ్యాల దగ్గర ఉన్నారు. ఉయ్యాల కట్టింది వాళ్ళ పెరటి మామిడి కొమ్మకే. నేత్రమణి కూడా అక్కడే కూర్చుని పాన్ చుడుతోంది.

ఆవిడ ఉంది కాబట్టి కులమణి గొంతు పెంచలేదు. భార్యను గోడ పక్కకి పిలిచాడు. "పిఠా ఏది?"

"చెయ్యలేదు."

"చెయ్యలేదంటే?"

"సోమరిదాన్ని కదా. ఒళ్ళు వంగలేదు."

"ఇప్పుడు చెయ్యి."

"ఇవాళ రజ మొదటి రోజు, ఇతి బాపా. రోలు ముట్టుకుంటే భూదేవికి దెబ్బ తగులుతుంది. ఊరు ఊరుకుంటుందా?" అంది సౌదామిని. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, అతనికి కోపం తెచ్చుకోవడానికి కూడా పట్టు దొరకలేదు.

మరి వేరే దారి లేదా అంటే ఉంది. పక్కింట్లో బుట్టెడు పిఠా ఉంది. వెళ్ళి పిన్ని వరసతో "ఖుడీ, మా ఇంట్లో చెయ్యలేదు, నాలుగు ముక్కలు ఇవ్వు" అంటే నేత్రమణి కాదనదు. కాని ఆ నాలుగు ముక్కలతో పాటు ఆ వార్త మధ్యాహ్నానికి అరుగెక్కుతుంది. జెనా వారింట్లో రజకి పిఠా లేదు, పొరుగింట్లో అడుక్కున్నారు. పెద్దమనిషి ఆ మాట పడగలడా? ఊరందరి మీదా మాటలు విసిరే మనిషికి తన మీద పడే మాటంటే ప్రాణభయం. పోనీ మిఠాయి కొట్లో ఏదైనా కొందామంటే, హేమాంగిని తింటానన్నది పిఠా. ఆ రోజంతా అలా నలిగి, రెండో నాడు పొద్దున్నే ఎవరూ చూడకుండా సంతకి పోయి బియ్యప్పిండి పొట్లం, గోధుమ రవ్వ, కొబ్బరికాయ, బెల్లం అచ్చు తుండుగుడ్డలో మూటగట్టుకొచ్చాడు. ఆవుల పాక వెనక తలుపు చాటున మూడు ఇటుకలు పెట్టాడు. జీవితంలో మొదటిసారి నిప్పు రాజేశాడు.

ఉయ్యాల మీద నుంచి సౌదామినికి అంతా కనబడుతూనే ఉంది. ఊపు ముందుకి వెళ్ళినప్పుడల్లా పాక వెనక సందు కనబడేది, వెనక్కి వచ్చినప్పుడు మాయమయ్యేది. ముందుకి వెళ్తే ఆయన కొబ్బరికాయని కత్తి మొద్దువైపుతో కొడుతున్నాడు. ఇంకోసారి వెళ్తే బెల్లం పాకంలో రవ్వ గుమ్మరించి గరిటె లేక చేత్తో కలపబోయాడు. కాలింది. వేళ్ళు నోట్లో పెట్టుకుని గెంతాడు. నిప్పుల మీద తెల్లవార్లూ మగ్గాల్సినదాన్ని మంటల మీద పెట్టి ఊదుతున్నాడు. పైన అరిటాకు భగ్గుమంది. చేత్తోనే లాగాడు. మళ్ళీ కాలింది.

నేత్రమణి ముక్కు ఎగబీల్చింది. "మీ పాక వెనక ఆ పొగేమిటే?"

"దోమలకేమో ఖుడీ" అంది సౌదామిని.

నవ్వు వచ్చింది ఆమెకి. తరవాత ఆ నవ్వు ఎందుకో ఆగిపోయింది. పొగకి కళ్ళు ఎర్రబడి, చొక్కాకి మసి అంటి, ముక్కు తుడుచుకుంటూ ఆ మనిషి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. తాను రోజూ కూర్చునే తీరే అది. ఇన్నేళ్ళలో ఆమెకి ఆయన మీద జాలి కలిగింది అప్పుడే. వెర్రి ఆలోచన ఒకటి వచ్చింది. వచ్చినవాళ్ళ ముందు ఈయన నవ్వేసి, "ఇది నేను చేశానండీ, నాకు రాదు" అని ఒక్క మాట అంటే చాలు. వెంటనే తాను లేచి వెళ్ళి పక్కన నిలబడుతుంది. పిండి రుబ్బనిది నేను, తప్పు నాది, ఈయనది కాదు అని చెబుతుంది. సంబంధం ఎలాగూ పోతుంది, కానీ ఇంట్లో ఒక మనిషి మిగులుతాడు.

సజబజ నాడు ఏమీ ఆశించకుండా కూర్చున్న మనిషి, అలా ఆశించింది చూడండి.

ఎండ తిరిగే వేళకి వాళ్ళు కారులో దిగారు. హేమాంగిని పట్టుచీర, మెళ్ళో బంగారం, నోట్లో పాన్. చెప్పులు విప్పకుండానే ఇల్లంతా ఒక చూపు చూసింది. వెనక అభిరామ్. ముఖం చూస్తే అప్పుడే నిద్ర లేచినట్టుంది. నేరుగా పెరట్లోకి వచ్చి, ఆడవాళ్ళు దిగగానే ఖాళీ అయిన ఉయ్యాల మీద కూర్చున్నాడు. కూర్చుని, చుట్టూ చూశాడు.

"ఎవరైనా ఊపండి" అన్నాడు.

"బాబూ, అది ఆడపిల్లల ఉయ్యాల" అంది నేత్రమణి. "మగపిల్లలు తాడు పట్టుకుని ఊపుతారు."

"ఊపడం నాకు అలవాటు లేదు" అన్నాడు అతను. కళ్ళు మూసుకున్నాడు.

లోపల వసారాలో పెద్దాళ్ళు చేరాక కులమణి పళ్ళెం పట్టుకొచ్చాడు. కుడిచేతి మీద తుండుగుడ్డ కప్పుకుని, ఎడంచేత్తో ఆ పళ్ళేన్ని అతి మర్యాదగా వియ్యపురాలి ముందు పెట్టాడు. పిఠా అన్న పేరు తప్ప దానికి పిఠా పోలిక లేదు. పైన బొగ్గు. మధ్యన పచ్చి రవ్వ జారుతోంది. ఒక పక్క కాలిన అరిటాకు పీలిక అంటుకుని ఉంది. హేమాంగిని ఒక ముక్క తుంచింది. నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. చీర చెంగు అడ్డం పెట్టుకుని బయటికి తీసేసి, పళ్ళెం అంచున పెట్టింది.

"ఇది ఎవరు చేశారు?"

సౌదామిని నోటి దాకా వచ్చిన మాటని పట్టి ఉంచి భర్త వైపు చూసింది. ఒక్కసారి, మీరే చెప్పండి, అన్నట్టు చూసింది. కులమణి కూడా ఆమె వైపు చూశాడు. చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మాయేనండీ" అన్నాడు. "ఏం చెప్పమంటారు. అచ్చం తల్లి పోలిక. ఎంత చెప్పినా ఒళ్ళు వంగదు. మీ చేతిలో పడితే దారికొస్తుందని నా ఆశ."

తుండుగుడ్డ కింద వేళ్ళు మరింత లోపలికి ముడుచుకున్నాడు. అది సౌదామిని చూసింది. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి ముందు గిన్నె పెట్టినందుకు, ఇందాక ఆ ఉయ్యాల మీద కాసేపు జాలిపడ్డందుకు, తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి నిలబడింది. చెప్పబోయింది. ఈలోగా ఇతి వచ్చింది.

ఇతి తండ్రి వైపు చూడలేదు. హేమాంగిని ముందు నిలబడి, చేతులు జోడించింది.

"అవును మౌసీ, నేనే చేశాను. మా బాపా అబద్ధం ఆడతారా? నేను సోమరిదాన్నే. ఇంకో ముక్క పెట్టనా?"

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కులమణి అప్పుడు పైకప్పు వంక చూస్తున్నాడు. కూతురు తన అబద్ధాన్ని తన ముందే నెత్తిన పెట్టుకుంటే, ఆయన చూసింది పైకప్పుని.

హేమాంగిని పళ్ళెం దూరంగా నెట్టింది. "మా ఇంటికి పనిమంతురాలు కావాలమ్మా. ఇలాంటి చేతులతో మాకు కుదరదు."

"మీ అబ్బాయి ఏం చేస్తుంటారు?" అని అడిగింది సౌదామిని. అంతదాకా నోరు విప్పని మనిషి హఠాత్తుగా అడిగేసరికి హేమాంగిని తడబడింది.

"వాడికేం లోటు. మిల్లు వాళ్ళ నాన్న చూసుకుంటారు. ట్రాక్టరుకి డ్రైవరున్నాడు. వాడు అన్నీ... పైపైన చూస్తుంటాడు."

పెరట్లోంచి కేక వినబడింది. "అమ్మా, ఎవరినైనా ఊపమను."

"అర్థమైంది" అంది సౌదామిని. "పనిమంతురాలి కోసం ఊరూరా ఎందుకు తిరుగుతున్నారో అర్థమైంది. ఇంట్లో ఒక సోమరి ఉన్నవాళ్ళకే ఆ అవసరం. నా అత్తగారూ అలాగే తిరిగి నన్ను తెచ్చుకుంది. కాస్త మంచినీళ్ళు తాగి వెళ్ళండి, నోరు చేదుగా ఉంటుంది."

నేత్రమణి చెంగు నోట్లో కుక్కుకుని అవతలికి తిరిగింది. హేమాంగిని ముఖం కందగడ్డ అయింది. మంచినీళ్ళు తాగలేదు. ఉయ్యాల మీద నుంచి కొడుకుని లేపడానికి మాత్రం కాస్త సమయం పట్టింది, అప్పటికే అతను కునికిపాట్లు పడుతున్నాడు. కారు వెళ్ళిపోయింది.

కులమణి అరవలేదు. అరిస్తే పిఠా కథ మళ్ళీ మొదలుకొస్తుంది. తుండుగుడ్డ భుజాన వేసుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, అరుగు మీదికి పోయాడు. పండగ మిగిలిన రోజూ అక్కడే గడిపాడు. కూతురి సోమరితనం వల్ల బంగారంలాంటి సంబంధం ఎలా చేజారిందో వచ్చినవాళ్ళందరికీ మొదటి నుంచీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా పిఠా ఇంకాస్త మాడింది, ఆయన గుండె ఇంకాస్త పగిలింది. అందరూ అయ్యో పాపం అన్నారు. ఇంత పెద్దమనిషికి అలాంటి సంతానమా అని నొచ్చుకున్నారు.

ఆ మాటలు ఒకటొకటే ఇంటికి వచ్చాయి. ఇతి విని ఊరుకుంది. సౌదామిని ఒకసారి అడిగింది, "నువ్వెందుకే ఆ మాట ఒప్పుకున్నావు? నేను చెప్పబోతున్నాను కదా."

"నువ్వు చెబితే బాపా అబద్ధం బయటపడేది. ఊరంతా నవ్వేది" అంది ఇతి. ఆగి, "ఆయన కోసం కాదు. ఈయనా నా తండ్రి అని నలుగురికీ తెలియడం నాకే సిగ్గు" అంది.

నాలుగో రోజు భూదేవికి స్నానం, ఆ పూటకి రుబ్బురోలే భూదేవి. పొద్దున్నే సౌదామిని రుబ్బురోలు బయటికి తెచ్చి, తులసికోట దగ్గర పెట్టి, బిందెడు నీళ్ళు పోసి కడిగింది. చిన్న గిన్నెలో పసుపు ముద్ద కలుపుకుంది. పక్కన ఇతి కటక్ తీసుకెళ్ళాల్సిన బట్టలు మడత పెడుతోంది. ముందు రాత్రి అటుకులు తింటూ కులమణే అన్నాడు, "పోనీ, ఆ నర్సు చదువుకే తగలెయ్యండి. ఇంక దీన్ని ఎవరు చేసుకుంటారు" అని. కోరింది అలా వచ్చింది, ఎంగిలి విస్తరి విసిరినట్టు. ఇతి దాన్ని తీసుకుంది.

కులమణి లేచి వాకిట్లోకి వచ్చాడు. రెండు రోజులుగా జేబులో దాచిన చెయ్యి ఇంక దాచేలా లేదు. వేళ్ళు బొబ్బలెక్కి, ఒకటి పగిలి, చీము పట్టేలా ఉంది. ముక్కు చీదుకుంటూ భార్య ఎదురుగా కూర్చుని చెయ్యి చాపాడు.

"ఇతి బౌ, వేళ్ళు మండిపోతున్నాయి. ఆ పసుపు కాస్త ఇటు రాయి."

సౌదామిని ఆ చేతిని చూసింది. ఎప్పుడూ చూసే చెయ్యే, కాకపోతే దాని మీద పనిచేసిన గుర్తు ఉండటం ఇదే మొదటిసారి.

"ఎలా కాలాయి?" అని అడిగింది.

ఇతి మడత పెట్టడం ఆపింది. వాకిట్లో వాళ్ళు ముగ్గురే ఉన్నారు. అరుగు మీది వాళ్ళు లేరు, వియ్యపురాలు లేదు, వినేవాళ్ళెవరూ లేరు. ఒక్క మాట అంటే సరిపోయేది. కులమణి కూతురి వైపు చూశాడు, రోలు వైపు చూశాడు, తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"బీడీ తగిలింది" అన్నాడు.

"అయిదు వేళ్ళకీనా?"

కులమణి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, చాచి అలాగే ఉంచాడు. సౌదామిని గిన్నె దగ్గరికి లాక్కుంది. పసుపంతా రోలుకే రాసింది, పైనా పక్కలా, అడుగున కూడా. గిన్నె ఖాళీ అయింది. ఇతి మళ్ళీ బట్టలు మడత పెట్టుకుంది.